కొండపై రాయి, సంతలో గిన్నె: అల్యూమినియం చరిత్రలో మన చోటు

ఆదివాసీ దినోత్సవ సంచిక అనగానే మన వీరుల గురించి, మన పండుగల గురించి, మన భాషల గురించి రాస్తాం. రాయాలి కూడా. ఈసారి మేము ఒక లోహం గురించి రాస్తున్నాం. మన చరిత్రకూ లోహానికీ ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివితే సంబంధం ఎంత దగ్గరిదో మీకే తెలుస్తుంది.

ఫిబ్రవరి 28న సైన్సు దినం నాడు మా వసతి గృహంలో పిల్లలతో నిధి వేట ఆడించాం. విదేశాల్లో జియోక్యాషింగ్ అనే ఆట ఒకటి ఉంది. ఒక చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు చెప్పి, జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకోమంటారు. మొదటి డబ్బాను 2000 మే 3న అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో దాచారు. డబ్బాలో ఒక పుస్తకం ఉంటుంది. దొరికినవాళ్లు అందులో పేరు రాయాలి. ఏదైనా వస్తువు తీసుకుంటే దానికి తగిన వస్తువు ఒకటి తిరిగి పెట్టాలి. ఆట నియమం ఇంతే.

మా దగ్గర జీపీఎస్ లేదు. మూలకాల మీద చీటీలు రాసి దాచాం. ఒక చీటీలో ఇలా రాశాం: "నా నంబరు పదమూడు. నేలలో నా అంత ఎక్కువగా దొరికే లోహం ఇంకొకటి లేదు. అయినా నన్ను మనుషులు చూసి రెండు వందల ఏళ్లే అయింది. మీ అన్నం నాలోనే ఉడుకుతుంది." పిల్లలు కాసేపు బుర్రలు గోక్కుని, చివరికి వంటగదికి పరుగెత్తారు. బోర్లించిన పెద్ద డేగిసా కింద డబ్బా దొరికింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు అడిగింది: "అమ్మా, ఈ డేగిసాలోది మన కొండ రాయేనా?"

ఆ ప్రశ్నకు ఆ పూట మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఉపాధ్యాయ శిక్షణలో లోహాల పాఠం చెప్పడం నేర్చుకున్నాం. ఆ పాఠంలో బాక్సైట్ అన్న మాట ఉంది గానీ, ఆ బాక్సైట్ ఉన్న కొండ మీద మనుషులున్నారన్న మాట లేదు. అందుకే చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

పటిక నుంచి పుట్టిన పేరు

అల్యూమినియం అన్న పేరు పటిక నుంచి వచ్చింది. పటికను లాటిన్ భాషలో అల్యూమెన్ అంటారు. బురద నీటిలో పటిక తిప్పితే మట్టి అడుగుకు దిగుతుందని మనకు తెలుసు. మన పెద్దలు అదే పనికి ఇండుప గింజను కుండ లోపల అరగదీసేవారు. బట్టలకు అద్దిన రంగు ఊడిపోకుండా పట్టి ఉంచడానికి కూడా వేల ఏళ్లుగా పటిక వాడుతున్నారు. ఆ పటికలో ఒక తెలియని లోహం ఉందని రసాయన శాస్త్రజ్ఞులు చాలా కాలం అనుమానించారు. ఇంగ్లండ్‌కు చెందిన హంఫ్రీ డేవీ 1808లో దానికి పేరు పెట్టాడు గానీ లోహాన్ని విడిగా తీయలేకపోయాడు. పేరు ముందు వచ్చింది, మనిషి తరువాత పుట్టాడు అన్నట్టు ఉంది ఈ లోహం జాతకం.

1825లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ మొదటిసారి చిన్న ముద్దగా దాన్ని తీశాడు. 1827లో జర్మనీకి చెందిన వోలర్ బూడిద రంగు పొడిగా తీశాడు. ఇంకో పద్దెనిమిదేళ్లు శ్రమపడితే గుండుసూది తలంత గుళికలు వచ్చాయి. వాటితోనే ఆ లోహం ఎంత తేలికో తెలిసింది. ఇనుముతో పోలిస్తే మూడో వంతు బరువే.

1854లో ఫ్రాన్స్‌కు చెందిన డెవిల్ సోడియం లోహం సాయంతో కాస్త ఎక్కువ మొత్తంలో తీయగలిగాడు. మరుసటి ఏడు పారిస్ ప్రదర్శనలో దాని కడ్డీలు పెట్టారు. మట్టి నుంచి వచ్చిన వెండి అని జనం వింతగా చూశారు. అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ విందుల్లో పెద్ద అతిథులకు అల్యూమినియం చెంచాలు, మిగతావాళ్లకు బంగారు చెంచాలు పెట్టించేవాడని చెప్పుకుంటారు. ఆ కథ ఎంత నిజమైనా, అది ఖరీదైన లోహం అన్నమాట మాత్రం నిజం. 1884 డిసెంబరు 6న అమెరికా రాజధానిలో వాషింగ్టన్ స్మారక స్తంభం పూర్తయినప్పుడు దాని కొసన జానెడు పొడవున్న అల్యూమినియం మొన పెట్టారు. బరువు సుమారు 2.8 కిలోలు. అప్పట్లో దాని ధర వెండి ధరతో సమానం.

మన సంతల్లో ఈ గిన్నెలను సిల్వరు గిన్నెలు అంటాం. కొన్ని చోట్ల సత్తు గిన్నెలు అంటారు. వాటిలో వెండి రవ్వంత కూడా లేదు. మెరుపు చూసి పెట్టిన పేరు. కానీ ఒక కాలంలో ఈ లోహం నిజంగానే వెండి పక్కన కూర్చుందని తెలిసినప్పుడు మా పిల్లలు నోరు తెరిచారు.

ఇద్దరు కుర్రవాళ్లు, ఒక అక్క

1886లో అంతా మారిపోయింది. అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూల్ట్ అనే ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా ఒకే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టారు, ఇద్దరూ 1914లోనే చనిపోయారు. కనిపెట్టేనాటికి ఇద్దరికీ పాతికేళ్లు లేవు.

వాళ్లకు ముందున్న చిక్కు ఏమిటంటే, అల్యూమినియం ఆక్సైడ్ అనే తెల్లని పొడి 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. వాళ్లు క్రయొలైట్ అనే ఖనిజాన్ని కరిగించి, అందులో ఈ పొడిని కలిపారు. ఉప్పు నీటిలో కరిగినట్టు అది సుమారు 1,000 డిగ్రీల దగ్గరే కరిగిపోయింది. అందులోంచి విద్యుత్తు పంపితే ఆక్సిజన్ ఒకవైపు పోయి, లోహం అడుగున చేరింది. ఆ రోజుల్లో క్రయొలైట్ ముఖ్యంగా గ్రీన్‌లాండ్ మంచు నేలలో ఒక్క గని నుంచే వచ్చేది.

చార్లెస్ హాల్ ఇంటి వెనుక కొట్టంలో ప్రయోగాలు చేస్తున్నప్పుడు అతని అక్క జూలియా పక్కనే ఉంది. ఆమె కూడా కళాశాలలో రసాయన శాస్త్రం చదువుకున్న మనిషి. ఏ రోజు ఏం చేశాడో ఆమెకు తెలుసు. తరువాత పేటెంట్ ఎవరిదన్న తగాదా వచ్చినప్పుడు, 1886 ఫిబ్రవరి 23న లోహం చేతికి వచ్చిందని రుజువు కావడానికి ఆమె రాసి ఇచ్చిన వివరాలు అక్కరకు వచ్చాయి. పాఠ్యపుస్తకంలో తమ్ముడి పేరుంది, అక్క పేరు లేదు. మా ఆడపిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాం. పని చేసినవాళ్ల పేరు మిగలాలంటే ఎవరో ఒకరు రాసి ఉంచాలి.

ఆ తరువాత రెండేళ్లలోపే ఆస్ట్రియాకు చెందిన కార్ల్ బేయర్ రాయిలోంచి తెల్లని పొడిని శుభ్రంగా తీసే పద్ధతి కనిపెట్టాడు. ఆయన పని చేసింది లోహం కోసం కాదు. రష్యాలో బట్టల అద్దకం మిల్లులకు ఆ పొడి కావాలి. ఎర్ర రాయిని పొడి చేసి కాస్టిక్ సోడాలో వేడి మీద మరిగిస్తే అల్యూమినియం ఉన్న భాగం కరిగి నీటిలోకి వస్తుంది, ఇనుము ఉన్న భాగం ఎర్ర బురదగా అడుగున మిగులుతుంది. ఈ రెండు పద్ధతులూ కలిసేసరికి వెండి పక్కన కూర్చున్న లోహం వంటింటికి దిగింది. ఈ నాటికీ ప్రపంచమంతా అదే దారి. సుమారు నాలుగు టన్నుల రాయి నుంచి రెండు టన్నుల తెల్ల పొడి, దాని నుంచి ఒక టన్ను లోహం వస్తుంది. ఒక్క టన్ను లోహానికి పదమూడు వేల యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అందుకే ఈ పరిశ్రమ వెనుక ఎప్పుడూ ఒక ఆనకట్టో బొగ్గు గనో కనబడుతుంది.

బొగ్గుకు లొంగని లోహం

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మన కొండ కమ్మరలు తరతరాలుగా రాయి నుంచి, ఇనుము నుంచి పనిముట్లు తీర్చినవాళ్లు. మధ్య భారతంలో అగరియాలు మట్టి కొలిమిలో బొగ్గుతో ఇనుప రాయిని కరిగించినవాళ్లు. ఆదిలాబాద్ ఓజాలు మైనపు అచ్చు మీద ఇత్తడి పోత పోసే పని నేటికీ చేస్తున్నారు. వాళ్ల పనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లోహాల మీద ఇంత పట్టు ఉన్న మనవాళ్లు కాళ్ల కిందే ఉన్న అల్యూమినియాన్ని ఎందుకు తీయలేదు?

తెలివి తక్కువై కాదు. ఇనుప రాయిలోని ఆక్సిజన్‌ను బొగ్గు లాగేసుకోగలదు. అల్యూమినియం ఆక్సిజన్‌ను పట్టుకున్న పట్టు అంతకంటే గట్టిది. కట్టెబొగ్గు కొలిమి వేడికి అది వదలదు. పెద్ద ఎత్తున ఆ పట్టు విడిపించింది విద్యుత్తే. ఈజిప్టువాళ్లకూ రోమన్లకూ చైనావాళ్లకూ దొరకని లోహమే మనవాళ్లకూ దొరకలేదు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పాలి. వెనుకబడిన జాతి అన్న ముద్ర వాళ్ల మీద వేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

రాయికి మన పేరు

బాక్సైట్ అన్న పేరు దక్షిణ ఫ్రాన్స్‌లోని లే బో అనే ఊరి నుంచి వచ్చింది. 1821లో పియర్ బెర్తియే ఆ ఊరి ఎర్ర రాయిని పరీక్షించాడు. ఒక చిన్న ఊరి పేరు ఇప్పుడు ప్రపంచమంతా పలుకుతోంది.

మన పేరుతోనూ ఒక రాయి ఉంది. దాని పేరు ఖోండలైట్. 1902లో భారత భూగర్భ సర్వేకు చెందిన వాకర్ అనే శాస్త్రవేత్త కలహండి సంస్థానంలోని రాళ్ల గురించి రాస్తూ, అక్కడ నివసించే ఖోండుల పేరు ఆ రాయికి పెట్టాడు. ఖోండులంటే మనమే. మన వైపు సామంతులు అంటారు, కోందులు అంటారు. తూర్పు కనుమల్లో పరుచుకున్న ప్రధానమైన రాళ్లలో ఇది ఒకటి. కోణార్క సూర్యదేవాలయం కట్టింది చాలావరకు ఈ రాయితోనే. దీనికి పక్కనే ఉండే మరో రాయి పేరు చార్నొకైట్. అది కలకత్తాకు పునాది వేశాడని చెప్పే ఈస్టిండియా కంపెనీ మనిషి జాబ్ చార్నొక్ సమాధి రాయిని బట్టి పెట్టిన పేరు. ఒక రాయికి దొర పేరు, పక్క రాయికి మన పేరు. భూగర్భ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఈ రెండు మాటలూ బట్టీ పడతాడు. ఖోండులు మనుషులని, వాళ్లకొక భాష ఉందని, ఆ కువి భాష తెలుగుకు దగ్గరి చుట్టమని ఎంతమందికి తెలుసో!

ఈ ఖోండలైట్ కొండల తలల మీదే బాక్సైట్ ఉంది. లక్షల ఏళ్లు వాన కురిసి, ఎండ కాసి, రాయిలో కరిగేదంతా కరిగి కిందికి పోయింది. కరగనిది పైన ఎర్రగా పొరలా మిగిలింది. అందుకే ఈ కొండలు మొనదేలి ఉండవు, పైన బల్లపరుపుగా ఉంటాయి. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, జెర్రెల, సప్పర్ల, గూడెం. ఇవన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న పేర్లు. మనం ఊరి పేర్లుగా, కొండ పేర్లుగా పలుకుతాం. గనుల శాఖ కాగితాల్లో అవి బ్లాకులు. దేశంలోని బాక్సైట్‌లో సగం దాకా ఒడిశాలో ఉంటే, తరువాతి వరుసలో ఆంధ్రప్రదేశ్ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఆ కొండల మీద, వాటి ఒడిలో ఉన్నది ఎక్కువగా మనమే.

ఆ ఎర్ర పొర సన్నని రంధ్రాలతో నిండి ఉంటుంది. వాన నీటిని తాగి దాచుకుని మెల్లమెల్లగా ఊటలుగా వదులుతుంది. మన గెడ్డలు ఎండాకాలంలో కూడా పారడానికి ఇది ఒక కారణం. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖపట్నం ఆ నీరు తాగుతుంది. కొండ మీది రాయి కొండవాళ్ల సంగతి మాత్రమే కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

సంతకు వచ్చిన గిన్నె

మన దేశంలో అల్యూమినియం గిన్నెలు చేయడం మద్రాసులో మొదలైంది. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన దిగుమతి చేసుకున్న రేకుతో గిన్నెలు చేయించాడు. 1903లో ఆ పని ఒక కంపెనీ చేతికి పోయింది. రేకు మాత్రం చాలా కాలం బయటి దేశాల నుంచే వచ్చింది. లోహాన్ని ఇక్కడే తీయడం 1943లో కేరళలోని ఆలువా దగ్గర మొదలైంది. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఆ యుద్ధంలో అల్యూమినియం అంటే విమానం. 1940లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం పిలుపునిస్తే ఇల్లాళ్లు తమ వంట గిన్నెలు తెచ్చి విమానాల కోసం ఇచ్చారు. 1903లో రైట్ సోదరులు ఎగిరిన మొదటి విమానం ఇంజను పెట్టె కూడా ఈ లోహంతో చేసిందే.

స్వాతంత్ర్యం వచ్చాక హీరాకుడ్, రేణుకూట్, కోర్బా వంటి చోట్ల కర్మాగారాలు లేచాయి. 1981లో నాల్కో ఏర్పడింది. మన పక్కనే కోరాపుట్ జిల్లాలో పంచపట్మాలి కొండ మీద గని, దామన్‌జోడిలో తెల్ల పొడి తీసే కర్మాగారం, దూరంగా అంగుల్‌లో లోహం తీసే కర్మాగారం. పొడిలో కొంత విశాఖపట్నం రేవు నుంచి ఓడ ఎక్కి విదేశాలకు పోతుంది.

మన ఇళ్లకు ఈ లోహం సంత దారిన వచ్చింది. మా అమ్మమ్మల కాలంలో నీళ్లకూ అంబలికీ ఆనపకాయ బుర్ర, వంటకు మట్టి కుండ, తినడానికి అడ్డాకు. తరువాత కావడి మీద గిన్నెలు మోసుకొచ్చిన వర్తకుడు పసుపుకో, చింతపండుకో, పిప్పళ్లకో బదులు సిల్వరు గిన్నె ఇచ్చి పోయాడు. కింద పడితే పగలదు, మోయడానికి తేలిక, అన్నం త్వరగా ఉడుకుతుంది. ఆడవాళ్లకు నిజంగా శ్రమ తగ్గింది. బోండా స్త్రీలు మెడ నిండా వేసుకునే కడియాలు కూడా ఈ రోజుల్లో ఎక్కువగా అల్యూమినియంతో చేసినవే. కొండ మీది రాయి ఎక్కడెక్కడో తిరిగి నగగా కొండకే తిరిగి వచ్చింది, వెల కట్టించుకుని.

వంటింటి సంగతి ఒకటి చెప్పాలి. చింతపండు పులుసు, చారు, మజ్జిగ ఈ గిన్నెల్లో నిలవ ఉంచకూడదు. గాలి తగిలినప్పుడు ఈ లోహం మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొరే దాన్ని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. పులుపు ఆ పొరను తినేస్తుంది, లోహం కూరలోకి దిగుతుంది. మా వసతి గృహంలో అన్నం డేగిసాలో వండినా పులుసు మాత్రం స్టీలు గిన్నెలో కాస్తాం.

మిగతా ఉపయోగాలు పిల్లలే లెక్కపెట్టారు. కరెంటు తీగ, మాత్రల అట్ట, కిటికీ చట్రం, ఫోను వెనుక రేకు, సైకిలు రిమ్ము, కడుపు మంటకు తాగే మందు, ఆకాశంలోని ఉపగ్రహం. మన ఊళ్లకు కరెంటు తెచ్చిన పెద్ద తీగల లోపల ఉక్కు, చుట్టూ అల్యూమినియం ఉంటాయి. అదే బరువున్న రాగి తీగ కంటే దాదాపు రెట్టింపు కరెంటు మోస్తుంది. ఈ లోహం వద్దు అని మేము అనడం లేదు. అనలేం. మా గదిలో దీపం వెలుగుతోంది దానితోనే.

చట్టం, తీర్పు, గ్రామసభ

మరి గొడవ ఎక్కడ వచ్చింది? రాయి ఎవరిది, తీయాలా వద్దా అని ఎవరు చెప్పాలి అన్న దగ్గర.

రాజ్యాంగం అయిదో షెడ్యూలు మన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బలపరచిన 1970 నాటి ఒకటో నిబంధన చెబుతాయి. మన వాడుకలో అదే వన్ ఆఫ్ సెవెంటీ. అయితే ప్రభుత్వమే గిరిజనేతరులకు గనుల లీజు ఇస్తే? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో సరిగ్గా అదే జరిగింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో చుక్కెదురైంది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మాటతో, ప్రభుత్వం కూడా ఆ నిబంధనకు కట్టుబడాల్సిందేనని చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవని, గిరిజనుల సహకార సంఘాలకో ప్రభుత్వ సంస్థకో మాత్రమే ఆ అవకాశం ఉందని, వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం బడి, నీరు, వైద్యం, దారుల కోసం పక్కన పెట్టాలని తీర్పు వచ్చింది. దేశంలోని ఆదివాసీలంతా సమత తీర్పు అని పేరు పెట్టి చెప్పుకునేది ఇదే. అది మన కొండల మీద పుట్టింది.

తరువాత దారి మార్చారు. తవ్వేది ప్రభుత్వ సంస్థ, కొనేది ప్రైవేటు కర్మాగారం అన్న ఏర్పాటుతో 2005లో, 2007లో ఒప్పందాలు జరిగాయి. 2015 నవంబరులో వచ్చిన 97వ నంబరు జీవోతో జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు తవ్వకానికి కేటాయించారు. చింతపల్లి నుంచి అరకు దాకా జనం కదిలారు. జీవో ఆగింది, 2019లో రద్దయింది. ఆ రోజుల్లో మా పిల్లల ఇళ్లలో అమ్మానాన్నలు సభలకు నడిచి వెళ్లడం మాకు గుర్తుంది. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చిన పిల్లలు బొమ్మలు గీస్తే అన్నింటిలోనూ కొండే ఉండేది.

ఒడిశాలో నియమగిరి కథ అందరికీ తెలిసిందే. అక్కడ డొంగ్రియా కోందులకు కొండే దేవుడు, నియమరాజు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలు తేల్చాలని చెప్పింది. జూలై, ఆగస్టు నెలల్లో పన్నెండు గ్రామాల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఒక్కటి కూడా తప్పిపోలేదు. మరుసటి ఏడు కేంద్ర ప్రభుత్వం ఆ గనికి అనుమతి నిరాకరించింది.

తవ్వకం మంచిదని చెప్పేవాళ్ల మాట కూడా వినాలి. ఉద్యోగం కావాలి, దారి కావాలి, ఆసుపత్రి కావాలి. డోలీ మీద గర్భిణిని మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అది చెప్పకుండా కొండ అందం ఒక్కటే చెప్పడం న్యాయం కాదు. కానీ ఎర్ర బురద సంగతి కూడా చెప్పాలి. ఒక టన్ను తెల్ల పొడి తీస్తే దానికి దీటుగా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా ఎర్ర బురద మిగులుతుంది. అందులో కాస్టిక్ సోడా ఉంటుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్కా దగ్గర అలాంటి బురద చెరువు గట్టు తెగి ఊళ్ల మీద పడితే పదిమంది చనిపోయారు. లాభం ఎక్కడికి పోతుంది, బురద ఎక్కడ మిగులుతుంది అని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

తీసుకుంటే తిరిగి పెట్టాలి

మళ్లీ మన నిధి వేట దగ్గరికి వస్తాం. ఆ ఆటలో తీసుకున్నదానికి తగినది తిరిగి పెట్టాలి, పుస్తకంలో పేరు రాయాలి. చిన్న పిల్లలు కూడా ఈ నియమం తప్పరు. మన పెద్దలు దుంప తవ్వినా కొంత భాగం మట్టిలో వదిలి వచ్చేవారు, మళ్లీ మొలవాలని. ఆట నియమమూ పెద్దల నియమమూ ఒకటే. కొండ విషయంలో మాత్రం పెద్ద పెద్దవాళ్లు ఆ నియమం మరిచిపోతారు.

అల్యూమినియానికి ఒక మంచి గుణం ఉంది. దాన్ని ఎన్నిసార్లు కరిగించినా గుణం చెడదు. పాత గిన్నె కరిగించి కొత్త గిన్నె చేయడానికి, రాయి నుంచి తీయడానికి అయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలు. సొట్టలు పడిన మా డేగిసాను పాత సామాను కొనేవాడికి ఇస్తే అది చెత్త కాదు, ఇంకో కొండను కొంత కాపాడినట్టు. మా వసతి గృహంలో మాత్రల అట్టలు, విరిగిన పళ్లేలు విడిగా పెట్టించడం మొదలుపెట్టాం.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. ఆ డేగిసాలోని లోహం మన జిల్లా కొండది కాకపోవచ్చు. మన కొండల బాక్సైట్ ఇంకా చాలావరకు కొండల మీదే ఉంది. అది పంచపట్మాలిది కావచ్చు, జార్ఖండ్‌దో ఛత్తీస్‌గఢ్‌దో కావచ్చు, నాలుగుసార్లు కరిగి వచ్చిన పాత గిన్నె కావచ్చు. కానీ ఎక్కడిదైనా, మన దేశంలో తవ్విన రాయైతే అది ఏదో ఒక ఆదివాసీ ఊరి పక్కన కొండ అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఈ జవాబు చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు డేగిసాను చూసి, "అయితే కడిగేటప్పుడు జాగ్రత్తగా కడుగుతాను" అంది. మేము నవ్వాం. తరువాత నవ్వలేకపోయాం.

సంఘం పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, వార్డెన్లకు మా విన్నపం ఒక్కటే. జూలియా హాల్ రాసి పెట్టకపోతే ఆ తేదీ నిలిచేది కాదు. మన కొండల పేర్లు, ఊటల పేర్లు, ఏ గెడ్డ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో, ఏ కొండకు ఏ పండుగ చేస్తారో, మన పెద్దలకు నోటికి వచ్చు. వాళ్లు ఉండగానే రాసుకుందాం. ప్రతి వసతి గృహంలో ఒక నోటు పుస్తకం పెడదాం. సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్ల తిరిగి వచ్చేటప్పుడు తాతనో అవ్వనో అడిగి ఒక పేరు తేవాలి, కువిలో గానీ, ఆదివాసీ ఒడియాలో గానీ, కొండ భాషలో గానీ, తెలుగులో గానీ. మా దగ్గర ఇప్పటికే మొదలైంది. రేపు గ్రామసభలో ఎవరైనా ఒక కొండను బ్లాకు నంబరు చెప్పి చూపిస్తే, దాని అసలు పేరు చెప్పగల పిల్ల లేచి నిలబడాలి.

రాయికి మన పేరు వేరేవాళ్లు పెట్టారు. కొండకు మన పేరు మనమే రాసి ఉంచుకుందాం. అందరికీ ఆదివాసీ దినోత్సవ జోహార్లు.